నాన్న అడిగిన ప్రశ్న

శనివారం, భోజనాలయ్యాక

చెప్పేశాను. రుషికొండలో నెల రోజులుగా స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నానని సాయంత్రం నాన్నతో చెప్పేశాను.

కొత్త కూర వండినా, కొత్త ఫోను కొన్నా నాన్న నోట ఒకటే మాట, "మనకెందుకే". పైగా మా ఇళ్లల్లో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు తప్ప పడవెక్కరు. ఆ మాటకి భయపడే ఇన్నాళ్లూ తడి బట్టలు స్నేహితురాలి గదిలో ఆరేసుకున్నాను.

వల బాగుచేస్తున్న నాన్న చెయ్యి ఆగింది. "అడుగున ఎలాగుంటాదే?" అన్నాడు. "నలభై ఏళ్లుగా సేపల ఏటకెల్తన్నాను. పైనే తిరిగాను గానీ కింద ఏటుందో ఎప్పుడూ సూడనేదు."

గుండెల మీంచి బండ దించినట్టయింది. చారల చేపల గురించి, రాళ్ల సందుల్లో దాక్కునే పీతల గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. వల పక్కన పెట్టి మరీ విన్నాడు.

"నన్నూ ఓపాలి దింపుతారేటి?"

"ఈ వయసులో నీకెందుకు నాన్నా!" అనేశాను.

నాన్న మళ్లీ వల అందుకున్నాడు.

నాన్న మాట నా నోట్లోకి ఎప్పుడొచ్చి చేరిందో... అయినా డైవింగ్ సంగతి చెప్పేశాను, అదే చాలు. పొద్దున్నే మా కోచ్‌ని అడగాలి, నాన్నకి సరిపోయే సూట్ ఉందేమో.