మందు పెట్టినారన్న మాట

మంగళవారం, ప్రొద్దుటూరు నుంచి తిరిగొచ్చాక

అన్నకు కడుపులో క్యాన్సరని ఈరోజు తేలింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా వచ్చిందా అని డాక్టరు అడిగితే అన్న మండిపడ్డాడు.

"మా వంశంలో రోగాల్లేవు సార్. మా అబ్బకు, ఆయన కొడుకు మా నాయనకు అన్నంలో మందు పెట్టినారు. అవతల పార్టీవాళ్ళే!"

"ఇద్దరూ కడుపునొప్పితో చిక్కిపోయే పోయినారా?"

డాక్టరుది పులివెందుల. ఇతను ఎవరి మనిషి, ఎవరిని కాపాడుతున్నాడు అనే నాకు మొదట తోచింది. మూఢనమ్మకాల మీద ఇరవయ్యేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నానే, మా ఇంటి విషం కథకు సాక్ష్యమేదని ఒక్కనాడైనా అడిగానా? శవపరీక్ష ఎవరు చేయించారు గనక!

ఇది తరతరాలుగా వచ్చే రకం కావచ్చట. అన్న రక్తం పరీక్షకు పంపితే తెలుస్తుందట. అదే అయితే నేనూ చూపించుకోవాలట.

జమ్మలమడుగు బస్సులో అన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"నేను రక్తం ఇయ్యనురా. ఇది మన రక్తంలోనే ఉండాదని తేలితే, నాయన కోసరమని మనం నరికించిన మనిషి ఏం జేసినట్టు?"

ఇచ్చి తీరాలని నేను పట్టుబట్టలేదు. అన్న మీద జాలితోనే ఊరుకున్నానని రాయబోయాను. కానీ అది నేనే నమ్మడం లేదు...