మా బోదెకు జేసీబీ వచ్చింది

జూన్ 12, తెనాలి

రేపల్లె పక్కన మా ఊరి చేల మీదుగా హైవే పడింది. పరిహారం అందిన దగ్గర్నుంచి మా వాళ్లకి పార పట్టడం నామోషీ. కాలవకి నీళ్లొదిలే ముందు ఇంటికో మనిషి దిగి, చేలకి నీళ్లు తెచ్చే పంటబోదె పూడిక తీయడం మా పద్ధతి. ఈసారి ఎవరూ దిగరట. బసవేశ్వరరావు బాబాయ్ జేసీబీ పెట్టిస్తాడట. ఫోన్లో పోట్లాడాను. నువ్వు ఫ్యాను కింద కూర్చుని వ్యాసాలు రాసుకోరా, మా నడుములు మావి అన్నాడు.

జూన్ 15

చూసొచ్చాను. జేసీబీకి పూలదండ, వెనక బాబాయ్ ఫ్లెక్సీ. పక్క ఊరి బోదె కంటే లోతుగా ఉండాలట. దీనికీ పోటీనే.

జూన్ 27

నీళ్లొచ్చాయి. బోదెలో పారుతున్నాయి గానీ చేలోకి ఎక్కవు. తూములు పైన, నీళ్లు కింద. అంత లోతు తవ్వేశారు. నోరు నొప్పెట్టేదాకా అరిచాను. ఒక్కడికీ చీమ కుట్టినట్టు లేదు.

జూన్ 29

ఇప్పుడు ఇంటికో ఆయిల్ ఇంజిను. ఎగువ వాడు చేను నిండినా తోడుతూనే ఉన్నాడు. దిగువ వాడు అది ఏ కంపెనీదని అడుగుతున్నాడు. ఈ రాత్రి నీది, రేపు నాది అనే వంతుల మాటే లేదు.

రాఘవమ్మగారు ఒక్కరే కొనలేదు. మా అమ్మ ఈడు మనిషి. నారుమడి నెర్రెలిచ్చింది. పరిహారం ఆవిడకీ వచ్చింది, బ్యాంకులోనే ఉంది. మీరూ కొనుక్కోవచ్చు కదమ్మా అన్నాను, సిగ్గు లేకుండా.

"అందరి నీళ్లకి నాకొక్కదానికి ఇంజినేంటి బాబూ?"

ఈ ఒక్క మాట మీద పుస్తకం రాయొచ్చు.

జూలై 3, బాపట్ల

ఇరిగేషన్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. ఇంజినీరు మర్యాదగా విన్నాడు. బోదెకి అడ్డుకట్ట వేస్తే నీళ్లు పైకి లేస్తాయండి, ఊరంతా ఒప్పుకుంటే చాలు అన్నాడు.

ఊరంతా అట.

జూలై 4, సాయంత్రం

మీటింగ్ పెట్టించాను. ఇసక బస్తాలతో అడ్డుకట్ట, మళ్లీ వంతులు. ఇంతే అడిగాను. సగం మంది రీల్స్ చూస్తున్నారు. అడ్డుకట్ట వేస్తే కొన్న ఇంజిన్లు ఏం చేసుకోవాలని ఒకడు అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే. నీకు చేను లేదు, నోరొక్కటే ఉందిరా అన్నాడు బాబాయ్. నేను సమాధానం చెబుతుండగానే మైకువాడు వైర్లు చుట్టేసుకున్నాడు.

జూలై 5

వీళ్ల గురించి ఇక ఒక్క ముక్క రాయను.

జూలై 9

రాఘవమ్మగారి నారుమడిలో నీళ్లు. గట్టు మీద కొత్త ఇంజిను, దానికి కుంకుమ బొట్లు. నారు కళ్ల ముందు చస్తుంటే చూడలేకపోయాను బాబూ అంది, నా మొహం చూడకుండా. రైల్లో తెనాలి దాకా ఆవిడ తరఫున నాతో నేనే వాదించుకున్నాను. నెగ్గాననుకుంటా.

జూలై 12

రిబ్కా వచ్చింది. రాఘవమ్మగారి దిగువన పల్లపు చేను కౌలుకి చేస్తుంది. ఇన్నాళ్లూ కాస్తో కూస్తో నీళ్లు దిగేవట. మూడ్రోజులుగా చుక్క లేదు. ఇంజిను కొనే స్తోమత లేదు. పేపర్లో రాయండి సార్ అంది.

ఎవరి మీద అన్నాను.

"పైచేను వాళ్ల మీదండి."

రాస్తానన్నాను. పొద్దుట్నించీ 'పైచేను' అన్న మాట దగ్గరే కూర్చున్నాను.