ఒంటిమిట్టలో చూసిన రెండు చందమామలు

శుక్రవారం, పౌర్ణమి

కొత్త కళ్లద్దాలు ఈరోజు చేతికొచ్చాయి. పోయిన వారం కడపలో కంటి డాక్టరమ్మ అన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి: "కంటి ముందరి పొర బంతి మాదిరి ఉండాలమ్మా. నీది కోడిగుడ్డు మాదిరి సాగిండాది. అందుకే వెలుతురు ఒకచోట కుదురుకోదు, ఒకటి రెండుగా కనపడతాది. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. అద్దాలతో సరిపోతాది, ఆపరేషన్ వద్దులే." చిన్నప్పటి నుంచీ ఉందట. లోకం అందరికీ ఇలాగే కనిపిస్తుందనుకున్నాను నేను!

మిద్దెక్కి, అద్దాలు పెట్టుకుని చూశాను. చందమామ ఒక్కటే. అంచు ఎంత నున్నగా ఉందో! అయినా ఏడుపొచ్చింది.

పెళ్లయిన ఏడాది ఒంటిమిట్టలో, వెన్నెల్లో జరిగే రాములవారి కల్యాణానికి వెళ్లినప్పుడు, చందమామలు రెండున్నాయేమని మా ఆయన్ని అడిగాను. నవ్వలేదు. తలెత్తి చాలాసేపు చూసి, "నాకూ రెండే కనపడతాండాయి. సీతమ్మకొకటి, రామయ్యకొకటి" అన్నాడు. ఆ తర్వాత ప్రతి పౌర్ణమికీ అదే మాట.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన కంటికీ ఇదే వంపు ఉండేదా, నా కోసమే అలా అన్నాడా? ఇంక తెలిసేదెలా...

అద్దాలు తీసి మళ్లీ చూశాను. రెండూ అక్కడే ఉన్నాయి. "నాకూ రెండే" అనే మనిషే పక్కన లేడు.