ఉత్త నీళ్ళలో చేప

శృంగవరపుకోట,
8 ఏప్రిల్ 2024.

పరిశోధన సామగ్రి కంపెనీ పరీక్షల విభాగం వారికి,
విశాఖపట్నం.

అయ్యా,

ఇక్కడి డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పుకునే లెక్చరర్‌ని. హోటల్ బిర్యానీలో ఏ మాంసం కలిసిందో పిల్లలకు చూపిద్దామని మీ డీఎన్‌ఏ కిట్టు తెప్పించాను. మేక, కోడి, చేప: దేని జాడ ఉంటే దాని గీత పట్టీ మీద పడాలి. ముందుగా మీ పెట్టెలోనే వచ్చిన ఉత్త నీళ్ళ సీసాతో పరీక్ష చేశాను. ఏ గీతా పడకూడదు. చేప గీత పడింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ చేపే. విశాఖలో సముద్రం ఉందని తెలుసు గానీ, దాన్ని సీసాల్లో నింపి పంపుతున్నారని తెలియదు.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కమని, రెండు నొక్కమని పాట వినిపిస్తున్నారు. అంచేత జవాబు పోస్టులో, సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
కె. త్యాగరాజు

తా.క. పెట్టె మీద ‘పరీక్షించినది: నీలవేణి’ అని చీటీ అంటించి ఉంది. ఆవిడ పరీక్షించింది కిట్టునా, చీటీ జిగురునా?


విశాఖపట్నం,
15 ఏప్రిల్.

త్యాగరాజు మాస్టారికి నమస్కారం.

ఆ నీలవేణిని నేనే. బయాలజిస్టుని. కిట్టు నిజం చెబుతుందో లేదో తేల్చడమే పదకొండేళ్ళుగా నా పని. ఇన్నేళ్ళలో తప్పు చేసిన కిట్టుల కన్నా తప్పు చేసిన మాస్టార్లనే ఎక్కువ చూశాను. ఒకాయన ఫ్రిజ్‌లో పెట్టమన్నది పూజగదిలో పెట్టి, దేవుడే చూసుకుంటాడనుకున్నాడు. మీది అంతకన్నా తేలిక. చేపలు తిని, చేతులు కడుక్కోకుండా సీసా మూత తీశారు. తినడం తప్పని నేననను. కడుక్కోకపోవడం తప్పు.

ఉంటాను,
నీలవేణి

తా.క. సబ్బు అని ఒకటుంటుంది. మీ ఊళ్ళో దొరక్కపోతే రాయండి, పంపిస్తాను.


శృంగవరపుకోట,
20 ఏప్రిల్.

మహాశాస్త్రజ్ఞురాలు నీలవేణి గారికి,

సంతకం పెట్టిన జవాబు అడిగాను. మీరు పోస్టు కార్డు మీద రాశారు! ఈ ఊళ్ళో కార్డు చేరేసరికి, రాసింది ఎవరికో వాళ్ళు తప్ప అందరూ చదివేసి ఉంటారు. పోస్టుమాన్ వెంకీ వీధి మొదట్లోంచే కేకేశాడు: “మాస్టారూ, మీరు సబ్బు కొనుక్కోవాలంట!”

మా ఇంట్లో చేప పేరు కూడా ఎత్తరు. మూడు తరాలుగా ఊరి గుడిలో స్వామి కల్యాణానికి వీణ మా ఇంటివాళ్ళే వాయిస్తారు. మా తాతగారు చేయించిన బొబ్బిలి వీణ అది. మా అమ్మ త్రిపురసుందరి నన్ను గుమ్మం బయటే నిలబెట్టి పసుపు నీళ్ళు చల్లింది. గుడి కమిటీ అధ్యక్షుడు మోహనకృష్ణ మనుషుల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. “ఏటి మాస్టారూ ఇది? సేపలు తిన్న సేత్తో సామి ముందర వీణ ముట్టుకుంతారేటి?” అన్నాడు. ఈ ఏడు వీణ వద్దని తీర్మానం కూడా రాసేశారు. మే 19న కల్యాణం. ఆ రోజు వాయించలేకపోతే మా తాత మొహం ఫోటోలో కూడా చూడలేను.

మీ ఉద్యోగం మీకు నూరేళ్ళూ ఉండాలని కోరుకోని,
త్యాగరాజు

తా.క. సబ్బు పంపకండి. దానిలోనూ చేప ఉంటుందని నా భయం.


విశాఖపట్నం,
29 ఏప్రిల్.

గౌరవనీయులైన త్యాగరాజు మాస్టారికి,

మీ నోరు మూయిద్దామని అదే బ్యాచిలో దాచి ఉంచిన పెట్టె తీసి, మా పెద్దసారు ఎదుటే పరీక్ష చేశాను. చేప గీత పడింది. ఇంకో పెట్టె తీశాను. మళ్ళీ చేపే. ఆయన నన్ను చూశారు. నేను నేల చూశాను.

మాది నెల్లిమర్ల. ఆ బ్యాచి తయారుచేసిన రోజు తెల్లవారే మా అమ్మ “ఒసే, నెత్తళ్ళు ఏపుడు సేసినాను, డబ్బాలో అట్టుకెల్లు” అని ఇచ్చింది. ఉదయం కిట్టు పరీక్ష చేశాను, బ్రహ్మాండంగా నెగ్గింది. మధ్యాహ్నం ఆ నెత్తళ్ళ చేపలు తిన్నాను. ఆ తర్వాత అదే బల్ల మీద, అవే చేతులతో నీళ్ళ సీసాలు నింపాను. అందరికీ సబ్బు పాఠం చెప్పే మనిషిని! నా మీద నాకే అసహ్యమేసింది. రెండు వందల పెట్టెలు వెనక్కి తెప్పిస్తున్నాం.

తప్పు నాదేనని సంతకం, ముద్ర వేసిన కాగితం జతపరిచాను. గుడిలో చదివించండి. కొత్త కిట్టు కూడా పంపుతున్నాను. దాన్ని ఉపవాసం ఉండి పరీక్షించాను.

క్షమించమని అడుగుతూ,
నీలవేణి

తా.క. ఒక్క మాట అడుగుతాను. ఆ తీర్మానం రాసినవాళ్ళ చేతులు ఎవరైనా పరీక్షించారా?


శృంగవరపుకోట,
20 మే.

నీలవేణి గారికి నమస్కారాలు.

మీ కాగితం చదివాక మోహనకృష్ణ పెదవి విరిచాడు. “కాయితాలు ఎవులైనా రాస్తారు మాస్టారూ. మిషను సెప్పాల” అన్నాడు. సరే, చెప్పిద్దాం అన్నాను. కమిటీ అయిదుగురినీ మా ల్యాబుకి తీసుకెళ్ళి, ముందు నా చేతులు కడిగిన నీళ్ళు పట్టాను. మీ తా.క. గుర్తుంది కనక, పోలిక కోసం వాళ్ళ చేతి నీళ్ళు కూడా కావాలన్నాను. శాస్త్రానికి సాయం చేస్తున్నామన్న దర్జాతో అయిదుగురూ చేతులు చాచారు. మిషన్ తిరిగినంతసేపూ మోహనకృష్ణ శుచి గురించి ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు.

నా పట్టీ మీద గీత లేదు. నలుగురికి చేప. మోహనకృష్ణకి చేప, కోడి, మేక! పట్టీ మీద నాలుగో గీతకి చోటు లేదు గనక బతికిపోయాడు. తిన్నందుకు వాళ్ళను నేనేమీ అనలేదు. నా మీద రాసిన తీర్మానం మాత్రం పైకి చదివి వినిపించమన్నాను. కాగితం చింపేసి, కల్యాణానికి తొందరగా రమ్మన్నారు.

నిన్న వాయించాను. మా అమ్మ ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి.

మీ మేలు మరిచిపోని,
త్యాగరాజు

తా.క. ఇంత గొడవ చేసిన ఆ నెత్తళ్ళ వేపుడు అసలెలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉంది. వచ్చే ఆదివారం నెల్లిమర్ల రావచ్చా? జవాబు మాత్రం కవరులో పెట్టి, గట్టిగా అంటించి పంపండి.