ఉమ్మేసిన మాస్కు

అక్కా,

నీ కాళ్ళకు దణ్ణం పెట్టి రాస్తున్నాను. నువ్వూ బావా భవ్యా బాగున్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమం. ఎడమ చెవి తమ్మె కొంచెం తెగింది, కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి, అవి తప్ప అంతా క్షేమమే. కంగారు పడకు. వేళకు తింటున్నాను, పనికి వెళుతున్నాను, బాగానే ఉన్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి వీడి మొహం అనుకుంటావు. మీ ఇంట్లో నీ ఫోను మోగితే ముందు ఎత్తేది మీ అత్తగారు. స్పీకరు పెట్టి గానీ ఆవిడ నిన్ను మాట్లాడనివ్వదు. అందుకని నీ అంగన్‌వాడీ సెంటరు అడ్రసుకు రాస్తున్నాను. అసలు సంగతి ఏమిటంటే, మొన్న ఆసుపత్రి నుంచి ఫోనులో నీకు చెప్పింది పచ్చి అబద్ధం. మీ మరిది కోటేశు రాళ్ళ మీద జారి పడలేదు. మేమిద్దరం కొట్టుకున్నాం. సముద్రం మధ్యలో, బోటులో, కుక్కల్లా కొట్టుకున్నాం. నిజం నా చేత్తో నేనే రాయాలి.

ఇక్కడి కబుర్లు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పోయిన నెల వాయుగుండం వచ్చి పది రోజులు బోట్లు కదల్లేదు. మా గది పైరేకు ఎగిరిపోయి పక్కవాళ్ళ కోళ్ళగూటి మీద పడింది. రెండు కోళ్ళు చచ్చాయి. చచ్చినవాటిని కోసి అందరం కలిసి వండుకున్నాం. ఇక్కడ కారం చూడటానికి ఎర్రగా ఉంటుంది, నాలిక మీద పెడితే ఇటుకపొడి. బోటు నడిపే సెల్వం తమిళుడు, మంచివాడు, మాట్లాడటానికి నాకు అతనొక్కడే. తెలుగులో తిట్టుకునే మనిషి కూడా లేక నోరు మొద్దుబారిపోయిందక్కా. ఇలాంటప్పుడు కోటేశూ నాగూ వస్తున్నారని నువ్వు ఫోను చేస్తే నేను ఆ పూట అన్నం తినలేదు, సంతోషంతో.

వాళ్ళను పంపింది నువ్వే. కాదనకు. నాలుగేళ్ళ నాడు మన ఊళ్ళో నల్ల తామర పురుగు మిరపతోటల్ని మాడ్చేసిన ఏడాది, కల్లంలో కూలీలందరి ముందూ కోటేశు ఏమన్నాడో నీకు తెలుసు. "మీ అక్క గడప తొక్కిన నాటి నుంచీ దరిద్రమే, ఇప్పుడు మా తోటా తగలబడింది" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, మీ పెళ్ళి సంబంధం మన నాన్నకు చెప్పి కుదిర్చినవాడు, ఆ మాట అన్నాడు. నేను వాడి ముందుపన్ను రాలగొట్టాను. మీ ఇంట్లోవాళ్ళు ఇక నన్ను గడప తొక్కనిచ్చేది లేదన్నారు. మీరొచ్చి పిలిస్తే గానీ తొక్కనని నేనూ పంతం పట్టి సముద్రం మధ్య ఈ దీవులకొచ్చిపడ్డాను. ఇప్పుడు మాఘంలో భవ్యకు ఓణీల ఫంక్షను. మేనమామ లేకుండా పిల్లకు ఓణీ ఎవరిస్తారని నువ్వు ఏడ్చి, అన్నం మానేసి, చివరికి మీ మరిదిని ఒప్పించావు. పత్తి మొదటి తీత కాగానే వాడు నన్ను పిలవడానికి బయల్దేరాడు. మధ్యవర్తిగా చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో ఫిట్టరు నాగును వెంటబెట్టుకున్నాడు. ఇదంతా నీకు తెలిసిందే. ఇకనుంచి నీకు తెలియనిది.

ఆదివారం పొద్దున్నే వాళ్ళిద్దరినీ బోటు ఎక్కించాను. నా పని తెలుసుగా, టూరిస్టులను దీవుల వెంట తిప్పడం, ఒకచోట నీళ్ళలోకి దింపి కళ్ళకూ ముక్కుకూ అద్దాల మాస్కు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, కింద ఉన్న చేపల్ని పగడాల్ని చూపించడం. ఆ రోజు బయటివాళ్ళెవరినీ ఎక్కించుకోలేదు. మేం ముగ్గురం, సెల్వం.

మొదటి దీవి దాకా కోటేశు నాతో సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు. "ఒరేయ్ నాగూ, వాణ్ణి నీళ్ళ సీసా ఇమ్మను" అనేవాడు. నేను పక్కనే ఉన్నాను. నాగు అటు చెప్పి ఇటు చెప్పి విసిగిపోయి, "మీ ఇద్దరి నడుమ నేనేమన్నా పెళ్ళిళ్ళ పేరయ్యనా? తన్నుకుంటే తన్నుకోండి, లేకపోతే మాట్లాడుకోండి" అని అరిచాడు. దాంతో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో కొంత తెరిపి వచ్చింది. దీవిలో కొబ్బరిబోండాలు తాగాం. రెండో దీవిలో నువ్వు పంపిన పులిహోర తిన్నాం, కొరివికారం పచ్చడి వేలితో నాకాం. తింటూ కోటేశు, "నువ్వు కొట్టిన పన్ను కట్టించుకున్నారా, ఇది పింగాణీది, ఇప్పుడు చెరుకు కొరకలేను" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వాడు, "సర్లే, సాయంత్రం ఒడ్డుకెళ్ళాక మా వదిన చెప్పమన్న మాట చెబుతా" అన్నాడు. ఆ మాట పిలుపేనని నాకు తెలుసు.

మూడోచోట నీళ్ళలో దిగాలి. లోతు రెండు నిలువులు ఉంటుంది, అడుగున పగడపు దిబ్బలు, కత్తుల్లాంటి అంచులు. లైఫ్ జాకెట్ వేసుకోరా అంటే కోటేశు విప్పి పడేశాడు. "సాగర్ కాలవ నిండుగా పారేటప్పుడు అడ్డంగా ఈదినోణ్ణి, నాకెందుకురా ఈ దూది మూట" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మాస్కు అద్దానికి లోపల ఆవిరి పట్టకుండా షాంపూ రాయాలి, లేకపోతే ఉమ్మేసి బొటనవేలితో రుద్ది నీళ్ళలో ముంచి ఇవ్వాలి. లోకమంతా చేసేదే. కానీ టూరిస్టులకు నచ్చదని నేనెప్పుడూ వాళ్ళకు వీపు తిప్పి, కనపడకుండా ఉమ్మేస్తాను. ఆ రోజు తిప్పలేదు. మనవాళ్ళే కదా, వీళ్ళ దగ్గర దాపరికమేమిటి అనుకున్నాను. ఒట్టక్కా, ప్రేమతోనే అనుకున్నాను. కోటేశు కళ్ళ ముందే మాస్కులో కాండ్రించి ఉమ్మేశాను, రుద్దాను, ముంచాను, "పెట్టుకోరా" అని వాడి మొహం దగ్గరకు తెచ్చాను.

వాడు తల వెనక్కి లాక్కున్నాడు. "ఏందిరా అది?" అన్నాడు. "ఆవిరి పట్టదురా" అన్నాను. "నా మొహానికి పెట్టేదాంట్లో ఉమ్మేశావా? ఇంత దూరం నీకోసం వస్తే, నా మొహాన ఉమ్మేశావా?" అన్నాడు. నేను చెప్పబోయేలోగా ఆ మాస్కే లాక్కుని దాని అంచుతో నా కనుబొమ్మ మీద కొట్టాడు. కంట్లోకి రక్తం కారింది. "నాలుగేళ్ళు దాచుకున్నావురా ఆ ఉమ్మి!" అని ఇంకోటి వేశాడు.

నేను ఊరుకోవలసింది. నీ మొహం గుర్తు తెచ్చుకోవలసింది. తెచ్చుకోలేదు. వాడి పొట్టలో తలతో కుమ్మాను. ఇద్దరం బెంచీ మీద పడ్డాం. నేను వాడి గొంతు పట్టుకున్నాను, వాడు నా చెవి నోట కరుచుకున్నాడు. అదే పింగాణీ పన్నుతో. విడిపించబోయిన నాగుకు ఎవరి మోచెయ్యో తగిలి ముక్కు పగిలింది. సెల్వం గెడకర్ర తీసుకుని ఎవరు దొరికితే వాళ్ళ వీపు మీద బాదాడు. ఆ దొర్లుడులో కొరివికారం సీసా పగిలింది. నూనె, కారం బోటంతా పారాయి. నా తెగిన కనుబొమ్మలోకి కారం వెళ్ళింది, నేను గొడ్డులా అరిచాను. ఆ ఎరుపంతా రక్తమేననుకుని సెల్వం కర్ర వదిలేసి దేవుణ్ణి తలుచుకోవడం మొదలుపెట్టాడు. లేవబోయి నూనెలో కాలు జారి, ఒకరినొకరం పట్టుకునే ఇద్దరం నీళ్ళలో పడ్డాం.

కాలవ వేరు, సముద్రం వేరు. ఉప్పునీళ్ళు నోట్లోకి పోగానే వాడికి ఈత మరుపొచ్చింది. నాకు అది రోజూ నడిచే వీధి. వాడు నా మెడ మీద గుద్దుతూనే మునుగుతున్నాడు.

అక్కా, ఇప్పుడు రాసేది నువ్వు ఒక్కదానివే చదువు. నా రెండు చేతులూ వాడి తల మీద ఉన్నాయి. పైకి లాగడానికి కాదు. నేను వాణ్ణి కిందికి నొక్కిపట్టాను. పది లెక్కపెట్టేంతసేపు పట్టి ఉంచాను. కోపంలో ఒళ్ళు తెలియలేదని రాయొచ్చు, కానీ తెలిసింది. కల్లంలో నిన్ను అన్న మాట చెవిలో వినపడుతూనే ఉంది. చావు అనుకున్నాను. ఆ నీళ్ళు అద్దంలా ఉంటాయి, వాడి కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. అప్పుడు వాడి చెయ్యి నన్ను కొట్టడం మానేసి నా చొక్కా పట్టుకుంది. చిన్నప్పుడు కాలవలో ఈత నేర్పేటప్పుడు నేను వాడి చొక్కా అట్లాగే పట్టుకునేవాణ్ణి. నాకు ఈత నేర్పింది వాడే. నా చేతులు వాటంతట అవే వదిలేశాయి.

వదలగానే అల వాణ్ణి పగడాల మీదికి ఈడ్చింది. తొడ, పిర్ర, వీపు చీరుకుపోయాయి. నేను జుట్టు పట్టుకుని పైకి తెచ్చాను. నాగూ సెల్వమూ లాగారు. బోట్లో బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కితే చాలాసేపటికి నీళ్ళు కక్కాడు. నేను వాడి కాళ్ళ దగ్గర కూర్చుని ఒడ్డు దాకా ఏడ్చాను. తొడకు పద్నాలుగు కుట్లు వేశారు. ఊపిరితిత్తులకు భయం లేదన్నారు. ఇప్పుడు నడుస్తున్నాడు, అందుకు బెంగ పెట్టుకోకు. మా ఓనరు మాత్రం నన్ను నీళ్ళలోకి దింపడం లేదు, ఒడ్డున బోట్లు కడిగిస్తున్నాడు.

నిన్న వాళ్ళను విమానం ఎక్కించేముందు నాగు టీ తేవడానికి వెళ్ళినప్పుడు, కోటేశు నాతో మెల్లిగా మాట్లాడాడు. "నీళ్ళలో నువ్వేం చేశావో నాకు తెలుసు, నీకు తెలుసు. పైకి లాగాడనే నాగు గాడికి చెప్పా. ఇంట్లోనూ అదే చెబుతా" అన్నాడు. నేను నోరు తెరవబోతే, "నోర్ముయ్. కల్లంలో ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. వదిన ముందు ఇన్నేళ్ళు తలెత్తి అన్నం తినలేదు" అన్నాడు. కట్టు కట్టిన కాలు చాపుకుని, "నేను వచ్చింది నిన్ను పిలవడానికి. ఇప్పుడు నోరు రావట్లేదురా. నన్ను చంపబోయినోణ్ణి రమ్మని ఎట్లా పిలిచేది? పిలిచానని మాత్రం వదినకు చెబుతా. నువ్వు వచ్చెయ్" అన్నాడు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు, వెనక్కి తిరగలేదు.

ఈ ఉత్తరం అందేసరికి వాడు ఇంటికొచ్చి, మీ తమ్ముణ్ణి పిలిచాను వదినా అని చెప్పి ఉంటాడు. నువ్వు సంతోషంతో వాడికి అడిగినవన్నీ వండిపెట్టి ఉంటావు. పెట్టు, వాడికి ఆ తిండి న్యాయమే. కానీ నమ్మకు. నన్నెవరూ పిలవలేదు. ఆ అబద్ధం మీద కాలు పెట్టి మీ గడప దాటి, నీ కూతురి భుజాన ఓణీ వెయ్యలేను. వేసేవి ఈ చేతులే కదా.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పకు, ఎక్కడినుంచి వచ్చాయని ఆరా తీస్తుంది. బావకూ చెప్పకు. భవ్యకు ముద్దులు. కోటేశు కుట్లు విప్పేటప్పుడు పక్కన ఉండు, సూది అంటే వాడికి చచ్చేంత భయం, చెప్పుకోడు. కొరివికారం మళ్ళీ పంపకు, నాకు ఇప్పట్లో గొంతు దిగదు.

నీ దీవెన అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను, ఇంకెవరినీ అడగలేను. ఇదంతా చదివాక ఒక రోజు ఆలోచించు. వద్దనిపిస్తే ఊరుకో, నాకు అర్థమవుతుంది, మేనమామకు సెలవు దొరకలేదని పిల్లకు చెప్పు. నేను రావాలనిపిస్తే సెంటరు నుంచి ఫోను చేసి, నీళ్ళలో నేనేం చేశానో తెలిసిన మనిషిగా, "రారా" అని ఒక్క మాట నీ నోటితో అను. నువ్వు పిలిస్తేనే వస్తాను.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
శీను