ఆ దేశం స్టేషన్‌కు జంతికలు

తెనాలి, శుక్రవారం రాత్రి

మస్తాన్‌బీ పిన్ని ఇవాళ మళ్ళీ మా పోలీసు స్టేషన్‌కు వచ్చింది. ఆమె కూతురి ఫొటోలు ఎవడో పాడు సైటులో పెట్టాడు. ఆ సైటు వేరే దేశంలో నడుస్తోంది. తీసేయమని మనం అడగాలి, అక్కడి పోలీసులు ఒప్పుకోవాలి. అందుకే పోయిన వారం, కేసు ఆ దేశం దాకా వెళ్ళాలని ఆమెకు చెప్పాను.

మా కానిస్టేబుళ్ళు కేసు మీద రేపల్లె వెళ్ళినా, ఫిర్యాదు ఇచ్చినవాళ్ళు దారికి ఏదో ఒకటి కట్టిస్తారు. పిన్ని కూడా జంతికలు చేసి రెండు పొట్లాలు కట్టుకొచ్చింది.

"మీవాళ్ళు ఎప్పుడు బయల్దేరుతున్నారమ్మా?"

"రెండు పొట్లాలెందుకు పిన్నీ?"

"ఒకటి ఆ దేశం స్టేషన్ వాళ్ళకి. చేతులూపుకుంటూ వెళ్తే ఏం బాగుంటదమ్మా? వాళ్ళకీ ఆడపిల్లలుంటారుగా."

ఎవరూ వెళ్ళరని, వెళ్ళింది ఒక మెయిలేనని, దానికింకా జవాబే లేదని చెప్పాలనుకున్నాను. "ఇస్తాంలే పిన్నీ" అన్నాను.

ఇంటర్నెట్‌కి రూల్స్ పెడతామని అన్ని దేశాల పెద్దలూ కూర్చుని మాట్లాడుకుంటారట. ఫొటో వెళ్ళేటప్పుడు ఏ దేశమూ అడ్డం రాలేదు. తీసేయమంటే మాత్రం ఎక్కడలేని సరిహద్దులూ గుర్తొస్తాయి! ఇక్కడ ఆ పిల్ల కాలేజీ మానేసింది. గుమ్మం దాటడం లేదు.

పిన్ని వెళ్ళాక ఒక పొట్లం విప్పి స్టేషన్‌లో అందరం తిన్నాం. రెండోది నా బల్ల మీదే ఉంది. విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.