పడవలో కూర్చుని పిలిచిన పేర్లు

హాలోవెల్ రేవు, వర్జీనియా
1625 మార్చి 9

ప్రియమైన థామజిన్ అక్కకు,

నీ తుంటరి తమ్ముడు హంఫ్రీ వంగి వంగి దణ్ణాలు పెట్టి రాసేది. నేనింకా బతికే ఉన్నాను. అక్కడ నువ్వూ, నీ ఆవూ చల్లగా ఉండాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. నీకిది చదివి వినిపించే పాదిరిగారికీ దణ్ణాలు. ఒకప్పుడు ఆయన టోపీలో కప్పను పెట్టింది నేనే. కొట్టడానికి ఇంతదూరం రాలేరు కాబట్టి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నువ్వు రాయించిన ఉత్తరం అందింది. బతికున్నవాళ్ళ జాబితాలో నీ కొడుకు గిల్బర్ట్ పేరు ఉందని తెలిసి, ఇల్లూ మగ్గమూ అమ్మేసి, వేసవి ఓడలో వాడి దగ్గరికి వచ్చేస్తానన్నావు. వద్దక్కా.

సముద్రం ఇవతల మనవాళ్ళు మూడు నాలుగు చోట్ల పాతుకున్నారనీ, జనం వేలకు వేలనీ నీకెవరో చెప్పారట. చోట్లు నిజమే. మాది, ఉత్తరాన ప్లిమత్, నడిసముద్రంలో బెర్ముడా. జనం సంగతే అబద్ధం. ఓడలు మా నేల మీద దించింది వేలమందిని. మిగిలినవాళ్ళు పదిహేనువందలమంది కూడా లేరు. మా రేవులో అయితే అరవైమందిమి దిగి, నిరుటి చలికాలానికి ఇరవైరెండు మందిమి మిగిలాం.

ఆ జాబితా ఎలా తయారైందో విను. నిరుడు ఫిబ్రవరిలో మా గవర్నరుండే జేమ్స్‌టౌన్ నుంచి తలలు లెక్కపెట్టడానికి గుమాస్తా వచ్చాడు. మా జ్వరానికి జడిసి ఒడ్డెక్కలేదు మహానుభావుడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పడవలోనే కూర్చుని పేర్లు పిలిచాడు. గుంజల గోడ వెనక నుంచి మేం పలకాలి. మా పెద్ద కెప్టెన్ స్టాకర్ నన్ను ముందే పక్కకు లాగి, “ఒరేయ్ హంఫ్రీ, గింజలు తలకింతని కొలిచి పంపుతారు. ఇరవైరెండేనని తెలిస్తే మన పని అయిపోయినట్టే. నీ వెధవ వేషాలేవో ఇవాళ వెయ్యి” అన్నాడు.

వేశాను. బండగొంతుతో కమ్మరినయ్యాను, ముక్కుతో వడ్రంగినయ్యాను. దగ్గుతూ ఒకడి పేరుకు పలికితే గుమాస్తా “ఎవడ్రా ఆ దగ్గేది?” అని అరిచాడు. “బతికున్నవాణ్ణే బాబూ, చచ్చినవాడు దగ్గడు కదా!” అన్నాను. మావాళ్ళు నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వారు. ఆ నవ్వుకే ఒకామె సొమ్మసిల్లి పడిపోయింది, ఒంట్లో ఏముంది గనక. నేనొక్కణ్ణే పంతొమ్మిదిమందినయ్యాను. నలభైయొక్కరని రాసుకుని పడవ తిప్పుకున్నాడు.

కాబట్టి ఆ కాగితాన్ని నమ్మి కొంప అమ్ముకోకు. ఇక్కడ తాగే నీళ్ళే ఉప్పన. చుట్టూ అడవిలో ఉన్నవాళ్ళకు మేమంటే పడదు. వాళ్ళ నేల మీద కూర్చున్నాం మరి, వాళ్ళననేదేముంది. నీ మోకాళ్ళు ఓడ మెట్లు కూడా ఎక్కలేవు.

నీ తమ్ముడు
హంఫ్రీ కాక్‌రెల్

తా.క.: పాదిరిగారూ, ఇక్కడ ఆపండి. ముందు మా అక్కను కూర్చోబెట్టండి.

అక్కా, గుమాస్తా గిల్బర్ట్ పేరు పిలిచినప్పుడు పలికిందీ నేనే. వాడు పోయి అప్పటికి పదకొండు రోజులు. అందరికీ గొంతు మార్చాను, వాడికి మార్చలేకపోయాను. నా గొంతుతోనే “ఉన్నానండి” అన్నాను. వాడి వంతు గింజలు వసంతం దాకా నేనే తిన్నాను. నువ్వొస్తే చూపించడానికి సమాధి లేదు. ఎంతమంది పోయారో అడవిలోవాళ్ళు పసిగట్టకూడదని కెప్టెన్ మనవాళ్ళను పూడ్చిన నేల చదును చేయించి, పైన మొక్కజొన్న వేయించాడు. పంట బాగా వచ్చింది. అందరితో పాటు నాకూ పంచారు.

నేను తినలేదని రాయాలని ఉందక్కా.